సంగటి తెడ్డే మా కప్పు

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. పార పట్టినంత సులభంగా పెన్ను పట్టడం రాదు. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా వైపు పిల్లలు ఈ మధ్య బెంగళూరు పక్కన గోల్ఫ్ గ్రౌండ్లలో పనికి చేరుతున్నారు. పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "మామా, ఆడ ఏం పని చేయాల?" అని అడుగుతారు. గడ్డి కోయాల, నీళ్ళు పట్టాల అని చెప్పి పంపిస్తాను. వాళ్ళు పోయాక, అసలు సంగతి చెప్పలేదే అని నాకే అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

గడ్డి లేని గ్రౌండు

తొంభైల్లో నేను హిందూపురం మార్కెట్లో చింతపండు మూటలు మోసేవాడిని. అప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పెద్దమనుషులు కొందరు కలిసి గోల్ఫ్ ఆడే జట్టు ఒకటి పెట్టారు. దానికి మూడూళ్ళ జట్టు అని పేరు. పెనుకొండ నడిమధ్యన ఉంటుంది కాబట్టి దాని పక్కన ఒక రాళ్ళ చేను చూసుకున్నారు. రాళ్ళు ఏరేకి మనుషులు కావాలంటే పోయాను. రాళ్ళు ఏరడం అయిపోయింది, నేను మాత్రం ఆడనే ఉండిపోయాను.

టీవీలో చూపించే పచ్చగడ్డి మా దగ్గర లేదు. తాగే నీళ్ళకే కరువు పడే చోట గడ్డికి నీళ్ళు ఎవరు పోస్తారు? అందుకని బంతి పడాల్సిన గుంత చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, లారీ షెడ్లలో పారబోసే ఇంజను నూనె అందులో కలిపి, చెక్కతో నున్నగా లాగేవాళ్ళం. దాన్ని బ్రౌన్ అంటారు. బంతి దాని మీద చక్కగా దొర్లుతుంది. నూనె తక్కువైతే గాలికి ఇసుక లేచిపోతుంది. ఎక్కువైతే బంతి ముద్దలో పడ్డ ఈగలాగా ఆగిపోతుంది. ఒకసారి వానొస్తుందని నేను నూనె బాగా దట్టించాను. వాన రాలేదు. ఆ రోజు ఆడిన వాళ్ళందరి తెల్ల బూట్లూ నల్లబడ్డాయి. మబ్బును నమ్మి నూనె పోయొద్దు. ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అదే.

తెల్లారి మేకలు నడిచిన గుర్తులు చెరపాలి. గుంతలో చేయి పెట్టే ముందు కట్టెతో కెలికి చూడాలి. మా దగ్గర బంతికన్నా ముందు తేలు దూరుతుంది. గడ్డి గ్రౌండుకు పోయే పిల్లలకు ఇవన్నీ ఉండవు, వాళ్ళు అదృష్టవంతులు. కానీ ఆటగాళ్ళు మాత్రం ఎక్కడైనా ఒకటే.

మేజర్ సారు, చీరల సుబ్బరాయుడు

జట్టుకు కెప్టెన్ మేజర్ సారు. మిలిటరీలో చేసి వచ్చి హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాడు. బాగా అరిచేవాడు. చెక్క లాగిన గీత వంకరైతే, "ఏమి ఇది, పాము పోయిందా?" అని గ్రౌండంతా వినపడేలా అరిచేవాడు. మొదట్లో భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన నిన్న చెప్పింది ఇవాళ మార్చడు. పిల్లలూ, అరిచే బాసుతో ఇబ్బంది లేదు. నవ్వుతూ మాట మార్చే బాసు దగ్గర మాత్రం జాగ్రత్త.

ధర్మవరం చీరల సుబ్బరాయుడుగారు ఇంకో రకం. పట్టుచీరల వ్యాపారం. మాటలో తేనె, చేయి మాత్రం జేబులో నుంచి బయటికి రాదు. కానీ ఆటలో బంతిని కొట్టిన ఒక్క దెబ్బ కూడా దాచడు. పొదల్లో ఎవరూ చూడనప్పుడు బంతిని కాలితో జరిపే దొరలను చాలామందిని చూశాను. ఈయన మాత్రం బంతి కదిలితే తానే పైకి చెప్పి ఒక దెబ్బ ఎక్కువ లెక్క వేసుకునేవాడు. మనిషిని ఒక్క గుణంతో తూచకూడదని ఆయన్ను చూసే నేర్చుకున్నాను.

ఆ జట్టుకు పద్ధతులు చాలా ఉండేవి. ఆటలో వ్యాపారం మాట ఎత్తినవాడు ఒక గుంత ఆడకుండా బండ మీద కూర్చోవాలి. సుబ్బరాయుడుగారు ఆ బండ మీద కూర్చొని కూర్చొని దాన్ని నున్నగా చేశారు. బంతి పోగొట్టుకున్నవాడు వచ్చే వారం అందరికీ ఉడకబెట్టిన శెనక్కాయలు తేవాలి. అన్నిటికన్నా పెద్ద పద్ధతి తెడ్డుది.

తెడ్డు ఎట్లా వచ్చింది

ఆ రాళ్ళ చేను గంగమ్మవ్వది. తరతరాలుగా ఆ చేను పక్క ఊర్లో సేద్యం చేసుకున్న ఇల్లు. రాళ్ళు ఏరి ఆట మొదలైన రోజు మేజర్ సారు పోయి బాడుగ ఎంతని అడిగితే, అవ్వ కొంగు నడుముకు దోపుకొని వచ్చి ఒక పూటంతా ఆట చూసింది. ఆడేవాళ్ళు ముందు ఖాళీ చేతులతో నడుస్తున్నారు. వెనక ఆ ఊరి కూలివాళ్ళు ఆట కట్టెల సంచులు మోస్తున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

"ఏమప్పా, ఈ కట్టెలు మీవేనా?" అని అడిగింది.

"మావే అవ్వా."

"మీవైతే ఈళ్ళు ఎందుకు మోస్తాండారు?"

మేజర్ సారు వెనక్కి తిరిగి సంచుల వైపు చూశారు.

"బాడుగ వద్దు గానీ ఒక మాట వినండి," అంది అవ్వ. "ఏడాదికొక దినం పెద్ద పోటీ పెట్టుకోండి. ఎవురు గెలిస్తే వాళ్ళు సొంత చేత్తో రాగిసంగటి కెలికి ఈళ్ళందరికీ పెట్టాల. మొదుటి ముద్ద నాకు. అది బాగుంటే మళ్ళా ఏడాది ఆడుకోండి. బాగలేకుంటే మీ కట్టెలు ఎత్తుకొని పోండి."

పోయి తన ఇంట్లో సంగటి తెడ్డు తెచ్చి ఇచ్చింది. అదే మా కప్పు. బెంగళూరులో వెండి కప్పులు ఇస్తారు. మాది పొడుగాటి కట్టె, కొస నల్లగా కాలి ఉంటుంది. గెలిచినవాళ్ళు దాని పిడికి ఒక పట్టు గుడ్డ పేలిక కట్టాలి. ఆ పేలికలు సుబ్బరాయుడుగారి అంగట్లోవే, ఆయన ఊరికే ఇచ్చిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే. ఒక ఏడు గెలిచిన బ్యాంకు ఆఫీసరు పేలికలు పైకి ముడేయకుండానే కెలికాడు. పేలిక అంటుకుంది, ఆయన మీసం కూడా కొంచెం కాలింది. ఆ ఏడు సంగటిలో పట్టు వాసన వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు.

సంగటి కెలికే పూట ఎవరూ సాయం పట్టకూడదు. ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని చెప్పకూడదు. కానీ సంచులు మోసేవాళ్ళు గెలిచిన సారును ఎంతైనా తిట్టవచ్చు. ఏడాదంతా వాళ్ళు మాటలు పడినవాళ్ళే కదా. ఆ పూట వాళ్ళది. గెలిచినాయన అందరికీ పెట్టి ఆఖర్న తినాలి.

ఓడిపోవాలని ఆడిన పోటీ

రెండువేలు దాటిన కొత్తలో గుడిబండ, మడకశిర వైపు గ్రానైట్ క్వారీలు జోరుగా నడిచాయి. క్వారీవాళ్ళు అవ్వ చేనుకు కూడా వచ్చి బండలు తట్టి చూశారు. అవ్వ కొడుకు హనుమంతరెడ్డికి ఆశ పుట్టింది. ఆయన్ను తప్పు పట్టను. బోర్లు ఎండిపోయాయి. ఆ చేనులో కంది గింజ పండింది లేదు. పోటీకి ముందు రోజు అందరూ ఉండగానే తల్లిని అడిగాడు.

"అమ్మా, రాళ్ళకు దుడ్లిస్తామంటాండారు. ఈళ్ళేమో ముద్ద పెట్టి పోతాండారు. ఎన్నాళ్ళు ఇట్ల?"

అవ్వ తొందరపడలేదు. "రేపు సంగటి బాగలేకుంటే క్వారీకే ఇయ్యి. బాగుంటే నువ్వు మళ్ళా నోరెత్తకూడదు. సరేనా?"

"సరే."

చేను పోతే ఆట పోతుంది, నా పని పోతుంది, సంచులు మోసి నాలుగు రూపాయలు చూస్తున్న ఆడవాళ్ళ కూలి పోతుంది.

అవ్వ వెళ్ళిపోగానే అందరూ పెనుకొండ డాక్టరు సారు మీద పడ్డారు. ఆయన పల్లెలో పుట్టినవాడు, ముందు రెండుసార్లు గెలిచి వెన్నలాంటి సంగటి చేసినవాడు.

"డాక్టరుగారూ, రేపు మీరే గెలవాల," అన్నారు సుబ్బరాయుడుగారు.

"నేను గెలవాలంటే మీరు ఓడిపోవాల కదప్పా!"

"ఓడిపోతాం. ఏం కష్టం?"

మేజర్ సారు ఎగిరిపడ్డారు. "కావాలని ఓడిపోయేది నా వల్ల కాదు! నేను మిలిటరీలో చేసినాను!"

అందరూ హిందూపురం ఫ్యాక్టరీ మేనేజరు శ్యామ్ సారు వైపు చూశారు. బెంగళూరు మనిషి, వచ్చి ఏడాది కాలేదు. ఆట బాగా ఆడతాడు, వంటింటి మొహం చూసినవాడు కాదు. ఆయన సంచి మోసే ఓబుళమ్మ ముందుకొచ్చింది.

"సారూ, నీకు టీ అయినా పెట్టేకి వస్తాదా?"

"లేదు ఓబుళమ్మా. మిషన్ ఉంది."

"అయితే రేపు నువ్వు గెలిస్తివో, నేను నీ సంచి వంకలో పారేస్తా. చెప్తాండా!"

మరుసటి రోజు జరిగిన పోటీ లాంటిది నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు. ఆ రోజు ఎవరు ఎక్కువ దెబ్బలు కొడతారా అని పోటీ పడ్డారు. సుబ్బరాయుడుగారు జానెడు దూరంలో ఉన్న గుంతలో వేయలేక నాలుగు దెబ్బలు తీసుకొని, "ఈ పొద్దు చేయి బాగలేదబ్బా," అని మొహం వేలాడేశారు. మేజర్ సారు బంతి తుమ్మ కంపలోకి పోయింది. "గాలి!" అన్నారు. ఆకు కూడా కదలడం లేదు. ఇంకొకాయన బంతి కుక్క ఎత్తుకుపోతే ఆ కుక్కకు బిస్కెట్ వేశాడు.

వచ్చిన చిక్కల్లా డాక్టరు సారుతోనే. గెలిచి తీరాలనే భయంతో ఆయన చేతులు బిగుసుకుపోయాయి. నా బ్రౌన్ల మీద ఆయన అంత చెడ్డగా ఆడింది ఎప్పుడూ లేదు. శ్యామ్ సారు ఎంత చెడగొట్టుకుందామన్నా ఆయన చేతికి చెడ్డ ఆట రాదు. ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానం.

ఆఖరి గుంత వానకు పారే వంకకు అవతల, గుట్ట పక్కన. డాక్టరు సారు బంతి మొదటి దెబ్బకే బ్రౌన్ మీద పడింది. ఇంకొక్క దెబ్బతో ముగించవచ్చు. అందరం ఊపిరి వదిలాం. శ్యామ్ సారు చేయాల్సిందల్లా దారి తప్పించడమే. ఆయన కావాలని గుట్ట వైపు తిరిగి గట్టిగా కొట్టాడు.

బంతి బండకు తగిలింది. ఠక్కుమని వెనక్కు ఎగిరింది. బ్రౌన్ మీద పడింది. దొర్లింది, దొర్లింది. నేను పొద్దున్నే నున్నగా లాగిన ఇసుక అది, బంతి ఆగితే కదా! సూటిగా పోయి గుంతలో పడింది.

ఒక్క దెబ్బకు గుంతలో పడటం అంటే గోల్ఫ్ ఆడేవాళ్ళు బతుకంతా కలగనే సంగతి. చప్పట్లు ఆకాశానికి ఎక్కాలి. ఆ రోజు అందరూ గుడ్లప్పగించి నిలబడ్డారు. శ్యామ్ సారు తల పట్టుకొని కింద కూర్చున్నాడు. చప్పట్లు కొట్టింది ఒక్క హనుమంతరెడ్డే.

"కొంప ముంచితివి కదయ్యా సారూ!" అని ఓబుళమ్మ సంచి కింద పడేసింది.

డాక్టరు సారు ఇంకొక దెబ్బతో ముగించారు, మొత్తం రెండు. అయినా లాభం లేదు. తెడ్డు శ్యామ్ సారుకే వచ్చింది.

తిట్లతో కెలికిన సంగటి

మూడు రాళ్ళ పొయ్యి, మీద పెద్ద సట్టి. చుట్టూ జనం. అవ్వ మంచం మీద కూర్చుంది, పక్కన కొడుకు. పులుసు, ఊరిబిండి పచ్చడి ఆడవాళ్ళు ముందే చేసి పెట్టారు. శ్యామ్ సారు చొక్కా చేతులు మడిచి, పిండి చాట ఎత్తి, ఇంకా వేడెక్కని నీళ్ళలో పోయబోయాడు. నోరు తెరవడానికి లేదు.

ఓబుళమ్మ గట్టిగా అంది, "సన్నీళ్ళలో పిండి పోసే మొగోన్ని కట్టుకున్న ఆయమ్మ ఎవురో గానీ, ఆయమ్మకు దండం పెట్టాల!"

శ్యామ్ సారు చాట ఆపాడు.

"ఆగు!" మేజర్ సారు లేచారు. "సలహా చెప్పకూడదు. అది నియమం."

"సలహా యాడ చెప్తి సారూ? తిడితి. తిట్టొచ్చు కదా?"

మేజర్ సారు అవ్వ వైపు చూశారు. అవ్వ మూతి బిగించుకుంది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. మేజర్ సారు "తిట్టొచ్చు," అని తీర్పు చెప్పి కూర్చున్నారు.

ఇంక చూడండి! తిట్ల వాన కురిసింది.

"నీళ్ళు తెర్లేదాకా ఆగలేనోడు పెండ్లికి ఎట్ల ఆగినాడబ్బా!"

నీళ్ళు కుతకుత తెర్లే దాకా ఆగాడు.

"నూకలు వేయకుండా ఉత్త పిండితో మమ్మల్ని మోసం చేస్తాండాడే, ఫ్యాక్టరీలో కూడా ఇంతేనేమో!"

నూకలు వేశాడు, ఉడకనిచ్చాడు. పిండి పోశాడు. పోయగానే తెడ్డు ఎత్తాడు.

తిట్టే పూట సంచులవాళ్ళదే అయినా డాక్టరు సారు కూడా ఆగలేకపోయారు. "పిండి పోస్తానే కెలికే ఆత్రగాడా! పిండి ఉడికేదాకా గమ్మునుండేకి నీకేం రోగమప్పా? నా దగ్గర మందుండాది, సూది పొడుస్తా!"

తెడ్డు దించాడు. సుబ్బరాయుడుగారి నోటి నుంచి ఎప్పుడూ చెడ్డ మాట రాదు. ఆయన కూడా లేచి నిలబడి, "మంట చూడు, ఊరు తగలబెట్టేటట్టు! అంత మంట నీ... నీ... నీ బెంగళూరులో పెట్టుకో!" అని ఆయాసపడి కూర్చున్నారు. శ్యామ్ సారు కట్టెలు వెనక్కు లాగాడు.

చివరికి సట్టిని కిందికి దించి కెలకాల్సిన సమయం వచ్చింది. ఆ పని చూసేకి సులభం. సట్టిని కదలకుండా కాళ్ళతో అదిమిపెట్టి, రెండు చేతులతో తెడ్డు పట్టి, నడుము నుంచి బలం తీసుకొని తిప్పాలి. ఆయన కాఫీలో చక్కెర కలిపినట్టు తిప్పుతున్నాడు.

"కడుపుకు తినలేదా ఏమప్పా? మీ యమ్మ పాలియ్యలేదా?"

"ఆ కట్టెతో బంతి కొట్టమంటే గుట్ట దాటిస్తావు. ముద్ద తిప్పమంటే చేయి పడిపోయిందా?"

ఆ మాటకు శ్యామ్ సారుకు రోషం వచ్చినట్టుంది. బూట్లు విప్పి పారేసి, తడి గోనెపట్ట చుట్టిన సట్టిని పాదాలతో అదిమి తిప్పడం మొదలుపెట్టాడు. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి. చెమట కారింది. "సొల్ప ఆగండి, సొల్ప ఆగండి," అని కన్నడం కలిపి కొంచెం ఆగమంటూనే తిప్పాడు. తిట్లు ఆగిపోయాయి. అందరం ఆయనతో పాటు భుజాలు తిప్పుతున్నాం. మేజర్ సారు కూడా తిప్పుతున్నారు, ఆయనకే తెలియకుండా.

యాడుంది?

మొదటి ముద్ద అవ్వ ఆకులో పెట్టాడు. అవ్వ చేయి తడుపుకొని, తుంచి, పులుసులో అద్ది మింగింది. మళ్ళీ తుంచింది. ఆగింది. నోట్లో నుంచి వేళ్ళతో ఒకటి తీసి ఆకు అంచున పెట్టింది. చింతగింజంత ఉండ. లోపల తెల్లగా పచ్చి పిండి.

హనుమంతరెడ్డి వంగి చూశాడు. "అమ్మా..."

"ఉండు. నేనొక్కదాన్నే తినేది కాదు. అందరికీ పెట్టేకి కదా చేసింది? పంక్తి తినేకాడికి ఉండు."

అందరూ కూర్చున్నారు. సంచులు మోసేవాళ్ళు, సార్లు, నేను, అందరూ ఒకే వరస. శ్యామ్ సారు వంగి వంగి వడ్డించాడు. నా ముద్దలో కూడా ఉండలు తగిలాయి. ఎవరి ముద్దలో తగల్లేదు గనక! కానీ ఒక్కరు కూడా తీసి పక్కన పెట్టలేదు. ఓబుళమ్మ ఒకటి మింగి, నీళ్ళు తాగి, ఇంకొకటి మింగింది. మేజర్ సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నిక్కించి మింగారు. బయట ఎక్కడా మెతుకు ముట్టని సుబ్బరాయుడుగారు, "శ్యామ్‌గారూ, ఇంగొక అర ముద్ద," అని చేయి చాపారు. నాకు ఆ రోజు ఆయన మీద వచ్చిన గౌరవం మళ్ళీ పోలేదు.

అవ్వ కొడుకును పిలిచింది. "పోయి చూసిరా పో. ఎవురి ఆకులోనన్నా ఒక్క ఉండ మిగిలుంటే చేను క్వారీకి."

హనుమంతరెడ్డి వరస పొడుగునా నడిచాడు. ఒక్కొక్క ఆకు దగ్గర వంగి చూశాడు. అందరూ నోరు మూసుకొని ఆయన మొహం చూస్తున్నారు. ఒకరిద్దరి దవడలు ఇంకా కదులుతున్నాయి. ఆయన తిరిగొచ్చాడు.

"ఈళ్ళ ఆకుల్లో లేదమ్మా. నీ ఆకులో ఉండాది."

అవ్వ తన ఆకు అంచున ఉన్న ఉండను చూసింది. రెండు వేళ్ళతో ఎత్తి నోట్లో వేసుకుంది. గుటక వేసి, చెంబెత్తి నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుంది.

"యాడుందిరా?"

హనుమంతరెడ్డి ఖాళీ అయిన ఆకు చూశాడు, తల్లి మొహం చూశాడు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చి, పంక్తి చివర కూర్చొని, తనకూ ఒక ఆకు వేయమన్నాడు.

అప్పుడు లేచిన అరుపులు గుట్టకు తగిలి తిరిగొచ్చాయి. ఓబుళమ్మ శ్యామ్ సారును పట్టుకొని గుంజింది. ఆయన అరచేతులు చూపించాడు. రెండింటి నిండా బొబ్బలు. ఆఖరి ముద్ద ఆయన తినేటప్పుడు తన ఉండలు తనకే తగిలి మొహం చిట్లించాడు. అందరూ పడిపడి నవ్వారు.

అవ్వ మంచం దిగి తెడ్డు చేతికి తీసుకుంది.

"ఇంగో ఏడు ఆడుకోండప్పా. ఈ యప్పను మాత్రం మళ్ళా గెలవనీయాకండి."

మేజర్ సారు ఎంగిలి చేయి వెనక దాచుకొని, రెండో చేత్తో అవ్వకు సెల్యూట్ కొట్టారు.